ఎల్లేష్ పెట్టించిన ఒక్క ఆప్షన్

దబీర్‌పురాలో పాలు పోసే కృష్ణయ్య కొడుకు ఎల్లేష్ సిటీలోని పెద్ద యూనివర్సిటీలో చదివింది సరిగ్గా పదకొండు వారాలు. దాని గురించి చెప్పింది మాత్రం పదకొండేళ్లు. అక్కడి లైబ్రరీలో ఈ చివర నడక మొదలుపెడితే ఆ చివరకు చేరేసరికి గడ్డం మాసేదట. క్యాంటీన్‌లో ఒక్క సమోసా తింటే రెండు రోజులు ఆకలి మాటే ఉండదట. నమ్మనివాడు గల్లీలో ఉన్నా, ఎల్లేష్ గొంతు ముందు నిలిచేవాడు కాదు.

అందరికంటే ఎక్కువ నమ్మింది చెల్లెలు పూజిత. బీఎస్సీ అయింది, ఎమ్మెస్సీ ఎంట్రెన్స్‌లో ర్యాంకూ వచ్చింది. కృష్ణయ్య ఒకటే మాట అన్నాడు.

"ఈ యేడు సీటొస్తే సదువుకో బిడ్డా. రాకుంటే బర్ల కాడ మీ అమ్మకు ఆసరైతవ్. మల్ల యేడు అనే ముచ్చటే లేదు."

ఆఖరి విడత వెబ్ ఆప్షన్లనాడు పూజిత నోట్‌బుక్‌లో మూడు యూనివర్సిటీలు రాసుకుంది. పెద్దదాని పక్కన 'మంచి ల్యాబు, లైబ్రరీ' అని ఉంది. ఎల్లేష్ పెన్ను లాక్కుని 'ఇరానీ చాయ్, కోఠి పుస్తకాలు, ఇంటి కాడికి రైలు' అని చేర్చాడు. జిల్లాల్లో ఉన్న మిగతా రెంటినీ కొట్టేశాడు.

"అన్నా, ర్యాంకు జర దూరమున్నది. అవి గూడ కింద పెడ్త."

"పిచ్చిదానా! మూడు పెడితే నీకు ఫికర్ పట్టుకున్నదని వాళ్లకు తెల్వదా? దిల్ ఉన్నోళ్లకే సీటు. నాకు గట్లనే వచ్చింది."

నిజానికి అతనికి సీటు వచ్చింది తను పెట్టిన పద్నాలుగో ఆప్షన్‌లో.

పూజిత ఒక్కటే పెట్టింది. జాబితాలో పేరు రాలేదు. కొట్టేసిన రెండుచోట్లా ఆమెకంటే వెనకున్న ర్యాంకులకు సీట్లొచ్చాయి.

మర్నాడు ఇద్దరూ రైలెక్కి క్యాంపస్‌కు పోయారు. కిటికీ వెనక గుమాస్తా కాగితం చూసి, "ఇదే ఆఖరి విడత కదమ్మా. ఒక్కటే పెట్టినవ్, మేమేం జేస్తం?" అన్నాడు.

బయటికొచ్చాక పూజిత అడిగింది. "లైబ్రరీ యాడున్నదన్నా? వచ్చినం గద, చూసి పోదాం."

ఎల్లేష్ ఎడమకు చూశాడు, కుడికి చూశాడు. చివరికి వాచ్‌మన్‌ను అడిగాడు. కార్డు లేదని లైబ్రరీ గుమ్మం దగ్గరే ఆపేశారు. అక్కడి నుంచే పూజితకు గది ఆ చివరి గోడ దాకా కనిపించింది.

"గడ్డం మాస్తదంటివి."

ఎల్లేష్ స్టేషన్ వైపు దారి తీశాడు. దబీర్‌పురాలో దిగేసరికి పాలు పితికే వేళయింది. పూజిత నోట్‌బుక్‌ను గూట్లో పెట్టి, చున్నీ నడుముకు బిగించి, బకెట్ అందుకుంది.