వాన రోజున మామను విమానమెక్కించిన వైనం

కొత్తగా దిగిన ఊరు అక్కడ పుట్టినవాళ్ళకన్నా నాకే బాగా తెలుసనుకునే వయసు నాది, ఆ రోజుల్లో. బహ్రెయిన్ వచ్చి ఏడాదైనా కాలేదు. సీఫ్‌లోని ఒక మాల్‌లో బట్టలు మడతపెట్టే ఉద్యోగం, హూరాలో నలుగురితో ఒక గది. అయినా మా మేనమామ అత్తను తీసుకుని వారం రోజులు చూడ్డానికి వస్తున్నాడనగానే ఫోన్‌లో సలహాలు దంచేశాను. శుక్రవారం పొద్దున బజారుకు పోవద్దు, దుకాణాలు తెరవరు. మీటరు వేయని టాక్సీ ఎక్కొద్దు. మసీదు చూడాలంటే అత్త తల మీద కొంగుండాలి. గొడుగు మాత్రం తేవద్దు, ఇక్కడ వానన్న మాటే లేదు (ఇది ఎవరినీ అడక్కుండా సొంతంగా చెప్పింది). అన్నిటికన్నా ముఖ్యం, బస్సుల్లో తిరగండి, లోపల చల్లగా ఉంటుంది.

"బస్సా? దుబాయిదాంక అచ్చి బస్సెక్కుడేందిరా? ఊళ్లె ఎక్కుత లేమా?" అన్నాడు మామ. ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు బహ్రెయిన్ కూడా దుబాయే. వారమంతా టాక్సీల్లోనే తిరిగాడు. నేను బస్సు మాటెత్తితే చాలు, అత్తకేసి చూసి కన్నుగీటేవాడు.

వెళ్ళిపోయే రోజు మధ్యాహ్నం వాన పడింది. మన దగ్గరైతే దాన్ని ఎవరూ పట్టించుకోరు, ఇక్కడ రోడ్లు చెరువులైపోయాయి. పిలిచిన టాక్సీ ఒక్కటీ రాలేదు. హోటలు గుమ్మంలో మామ "వాన పడదంటివి గదరా!" అని అరుస్తుంటే, "ఇమానం పోతది. రేపు బిడ్డను చూడ అస్తున్నరు, మనమే లేకపోతె ఎట్ల?" అని అత్త కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నాకెక్కడ లేని ధైర్యం వచ్చింది. "ప్యాంటు మడువు మామా!" అని పెద్దపెట్టె నెత్తికెత్తుకుని పిక్కలలోతు నీళ్ళలోకి దిగాను. వెనక బూట్లు చేతబట్టుకుని మామ, ఆయన వెనక కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని అత్త. మేం స్టాపు చేరేసరికి విమానాశ్రయం బస్సు కదులుతోంది. పెట్టెతో సహా దానికి అడ్డంగా నిలబడ్డాను. "పాగల్ హై క్యా భాయ్?" అని తిడుతూనే డ్రైవరు తలుపు తీశాడు. "యల్లా, సామాన్ అందర్ రఖో!" అని పెట్టె లోపల పెట్టమని తొందరపెట్టాడు.

ఆగిపోయిన కార్ల పక్కనుంచి నీళ్ళు చిమ్ముకుంటూ మా బస్సు సముద్రం మీది వంతెన దాటింది. ఆగినవాటిలో రెండు టాక్సీలున్నాయి. మామకు వేలుపెట్టి మరీ చూపించాను (చూపించకుండా ఎలా ఉంటాను?). కౌంటరు మూయబోతుండగా చేరుకున్నాం. మామ తడికాళ్ళతోనే నన్ను కావలించుకుని, అక్కడున్న వాళ్ళందరికీ వినపడేలా "ఈడు మా అల్లుడు! దుబాయంత ఈనికి ఎరుకే!" అన్నాడు. నేను దిద్దలేదు. ఆ క్షణాన దుబాయి కూడా నాదే అనిపించింది.

ఇప్పుడు నాకు కారుంది. చుట్టాలొచ్చి ఏం చూడాలని అడిగితే, ఫోన్‌లో వెతికి జాగ్రత్తగా చెబుతాను. తెలియని సంగతి కూడా అంత ఢంకా బజాయించి చెప్పే ఆ కుర్రాడు ఎటు పోయాడో గానీ, ఒక్కోసారి అతని వెంట ఈ ఊరు మళ్ళీ చూడాలనిపిస్తుంది.