దేవుడికి గుర్తు చేసే ఆవిడ

చిలకలూరిపేట నుంచి గుంటూరు వెళ్ళే బస్సులో నా పక్కన ఒక నడివయసు ఆవిడ కూర్చుంది. మిరపకాయల తొడిమలు తీసే పని నుంచి వస్తోందని ఆ ఘాటుకే తెలిసిపోయింది. నా ఫోన్‌లో అమెరికా నాయకుడొకాయన యుద్ధాలన్నీ తామే ఆపామని చెప్పుకుంటున్నాడు. ఆవిడ కాసేపు చూసింది.

"మా తమ్ముడు పరాయి దేశంలో వీళ్ళ సైన్యానికి వండిపెట్టేవాడండి. ఓడిపోతామని తెలిశాక వీళ్ళు విమానాలెక్కి పోయారు. వాణ్ణి ఎయిర్‌పోర్టు గేటు బయట వదిలేశారు. శవం కూడా రాలేదు."

ఆవిడ కళ్ళ నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. ఆ కారం చేతులతో తుడుచుకుంటే కళ్ళు మండిపోతాయి. "దేవుడే చూసుకుంటాడులేమ్మా" అన్నాను.

"మా పాస్టరు గారూ అదే అన్నారండి. పగ నీది కాదు, దేవుడికి వదిలెయ్యమన్నారు. వదిలేశాను," అంది నెమ్మదిగా. "ఆయనకి వెయ్యి పనులు కదండీ. మర్చిపోకుండా రోజూ పొద్దున్నే మోకాళ్ళ మీద కూర్చుని గుర్తు చేస్తున్నా."

నాకు దేవుడి మీద పెద్ద నమ్మకం లేదు. అయినా అమెరికా నాయకులు టీవీలో నవ్వుతూ చేతులు కలిపినప్పుడల్లా, ఆవిడ తరఫున నేనూ ఒకసారి గుర్తు చేస్తాను.