అమ్మ మెచ్చిన నిర్దయుడు

2007 సెప్టెంబరు 3, సోమవారం. అమ్మ కుడి కంటి శుక్లానికి ఆపరేషను అయి ఇంటికి వచ్చిన రోజు. ఆసుపత్రి వరండాలో డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఎడమ కంట్లో పోయిన చూపు ఇక రాదని, దానికి ఆపరేషను చేసినా ప్రయోజనం లేదని చెప్పారు. ఆ సంగతి డైరీలో రాసుకున్నాను, అమ్మకు చెప్పలేదు. రెండో కన్ను కూడా బాగయితే ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దగ్గర్లోని తోర్వా బజారుకు వెళ్ళాలని ఆమె ఆశ. "ఎడంకన్ను ఎప్పుడ్రా?" అని అడిగినప్పుడల్లా "దీపావళి వెళ్ళాక" అంటూ వచ్చాను.

నెల రోజులు ఏమీ చదవకూడదన్నారు. బిలాస్‌పూర్‌లో మా రైల్వే క్వార్టరు వరండాలో నల్లకళ్ళద్దాలతో కూర్చున్న అమ్మకు పొద్దు గడవడం కష్టమైంది. పదకొండో తరగతి చదువుతున్న నా కూతురికి తెలుగు కూడబలుక్కోవడమే గగనం. తాను వదలకుండా చదివిన ఇంగ్లీషు నవలను నా చేతిలో పెట్టి, నానమ్మకు తెలుగులో చెప్పమంది. 414 పుటలు. రోజుకు పద్దెనిమిది చొప్పున ఇరవై మూడు రోజులని లెక్క కట్టి, గురువారం ప్రారంభించాను. ఉదయం డ్యూటీ ముగించుకుని వచ్చి మూడు గంటలకు కూర్చునేవాణ్ణి. రైల్వే యార్డులో పెట్టెలు అటూ ఇటూ మార్చే షంటింగ్ చప్పుడు. అమ్మ ఒడిలో చేటెడు పెసలు. వింటూ, చేత్తో తడిమి రాళ్ళు ఏరేది. ఆ క్వార్టరు వదిలి ఏళ్ళయింది. మళ్ళీ కావాలనిపించే మధ్యాహ్నాలు నాకు అవే.

అదొక చీకటి లోకపు కథ. మంత్రగాళ్ళు, చచ్చి లేచిన సైన్యాలు. నడుమ పదిహేడేళ్ళ రాకుమారుడు. రాజ్యం కోసం ఎవరినైనా చంపగలడు. అటువంటివాణ్ణి నా కూతురు ఎందుకు ఇష్టపడుతుందో మొదట బోధపడలేదు. తీరా అమ్మ కూడా అతని పక్షమే అయింది. "ఈయాల ఆ కుర్రోడు ఏటి చేస్తాడో" అంటూ నేను రాకముందే కుర్చీ వేయించుకునేది. నాలుగో రోజుకు నేను కూడా డ్యూటీలో, రైలింజన్ల షెడ్డులో, అతని గురించే ఆలోచిస్తున్నాను. ఆ మాట డైరీలో ఒప్పుకోవడానికి మరో మూడు రోజులు పట్టింది.

పద్నాలుగో తేదీ, శుక్రవారం. 145వ పుట. తెల్లారేలోగా కోట తలుపు తీయకపోతే కోటాధిపతినీ, అతని ముగ్గురు కొడుకులనూ బతకనివ్వనని రాకుమారుడు ముందే కబురు పంపాడు. తలుపు తీయలేదు. ఆ తరువాతి రెండు పుటలు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"జాలిపడి వదిలేశాడు" అన్నాను.

గడప మీద కూర్చున్న నా కూతురు పకపకా నవ్వింది. "ఝూట్! నాన్న కహానీ మార్చేస్తున్నాడు నానమ్మా!"

చేటలో అమ్మ చెయ్యి ఆగింది. "నువ్వు చెప్పక్కర్లేదే, నాకు తెలిసిపోనాది. ఆడు అన్నమాట తప్పీ రకం కాదు. మీ నాన్నే తప్పేడు."

"పసిపిల్లలమ్మా, ఎందుకని..."

"మంచోళ్ళ కథలు బోల్డు విన్నాన్రా. మన మంచికేనని అన్నీ దాచీసి నవ్వుతారు. ఈడు చెడ్డోడే, కాదన్ను. కానీ ఏటి చేస్తాడో ముందు మొహమ్మీద చెప్పీసి చేస్తాడు. సర్లే, నా ఎడంకంటికి డాక్టరు ఏటన్నాడు?"

చెప్పాను. డాక్టరు చెప్పిన మాటలను చెప్పిన వరుసలోనే చెప్పాను.

"నీకు తెలిసి ఎన్నాళ్ళయింది?"

"పదకొండు రోజులు."

"డైరీలో రాసుకున్నావా?"

"రాసుకున్నాను."

"అయితే కాయితానికి చెప్పేవు, నాకు చెప్పలేదన్నమాట."

నా కూతురు లేచి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. అమ్మ దాని భుజం తడిమింది. "తోర్వా యెల్లినప్పుడు నువ్వు నా ఎడంపక్కన నడవాల. అటేపు బళ్ళు నాకు కనపడవట." తరువాత నావైపు తిరిగింది. "ఆ రెండు పేజీలూ చదువు. ఉన్నదున్నట్టు."

చదివాను. ముగించేసరికి పెసల చేట పక్కన పెట్టేసింది.

"కడగొట్టోడికి ఎన్నేళ్ళు?"

"ఆరు."

"ఆణ్ణయినా వొదలాల్సింది, యెదవ" అని రాకుమారుణ్ణి తిట్టి, తరువాత ఏమయిందని అడిగింది.