కొమురయ్య బిళ్ళ

పదేళ్లుగా ఒక చిన్న అబద్ధాన్ని మోస్తున్నాను. చెప్పడానికి ఒక్క క్షణం పట్టలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మా ఇంట్లో చెప్పలేను.

ఆదిలాబాదు జిల్లాలో ఒక బొగ్గు బాయి మీద నేను హాజరు గుమాస్తాని. బాయిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉంటుంది. పనికి రానివాళ్ల బిళ్ళలకు గోడ మీద రెండు వరసలు. డాక్టరు చీటి తెచ్చిన రోగుల బిళ్ళలు ఎర్రరంగు మేకులకు, చెప్పకుండా మానేసినవాళ్లవి నల్ల మేకులకు. పది రోజులు నల్ల మేకుకు వేలాడితే పేరు కొట్టేస్తారు. ఆ గోడ బయటివాళ్లకు కనబడదు. నేను ఎక్కడ తగిలిస్తే అదే.

కొమురయ్యది మా హుజూరాబాదే, మా వీధే. ఇద్దరివీ మగ్గం ఇళ్లు. నేను ఏడో తరగతి చదివి గుమాస్తానయ్యాను. వాడు వేలిముద్ర. వాణ్ని ఈ బాయిలో పెట్టించింది కూడా నేనే. మరి వాడి మీద నాకు అసూయ దేనికి? నన్ను నేనే ఎన్నిసార్లు అడిగానో. సాయంత్రమైతే వాడి క్వార్టరు అరుగు మీద పదిమంది చేరేవారు. నా అరుగు మీద నేనొక్కణ్నే, ఇస్త్రీ చొక్కా వేసుకుని. జనం నాకు దండం పెట్టేవారు, వాడితో నవ్వేవారు. నన్ను కన్న మా బాపు ఊరినుంచి వస్తే సంచి నా ఇంట్లో పడేసి వాడింటికి పోయేవాడు. ఎందుకని అడిగితే, నీ దగ్గర కూర్చుంటే తాసీల్దారు కచేరీలో కూర్చున్నట్టుంటుందన్నాడు. మా ఆవిడ నవ్వింది. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఆపైన వాణ్ని మేస్త్రీని చేయబోతున్నారని తెలిసింది.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ అయిన మరుసటి ఎండాకాలం ఊళ్ల మీద జ్వరం పడింది. ఓడల్లో పరాయి దేశం నుంచి వచ్చిందని పేపర్లో రాశారు. కూలీల ఇళ్లలో ఇంటికొకరు మంచం పట్టారు. కంపెనీకి పైనుంచి ఉత్తరువు వచ్చింది. జ్వరమున్నవాణ్ని బాయిలోకి దింపకూడదు. డాక్టరు చీటి ఉంటే, ఎన్నాళ్లు పడుకున్నా పేరు కొట్టేయకూడదు, క్వార్టరు ఖాళీ చేయించకూడదు. ఆ ఉత్తరువును బాయి ముందు బల్ల మీద నిలబడి తెలుగులో చదివి వినిపించింది నేనే. కొమురయ్య అందరికంటే ముందు నిలబడి విన్నాడు. మా అన్న ఎంత బాగా చదివాడో చూడమని పక్కవాడికి చెప్పాడు. ఆ మెచ్చుకోలు కూడా నాకు ముల్లులా గుచ్చుకుంది.

వారం తిరగకుండా వాడూ పడ్డాడు. వాడి భార్య పోచవ్వ చీటి తెచ్చింది. కిటికీ దగ్గర ఇంకెవరూ లేరు. యాది మరవకు బావా, అని చేతికిచ్చింది. తీసుకున్నాను. వాడి బిళ్ళను నల్ల మేకుకు తగిలించాను. చీటిని ఇంట్లో పొయ్యిలో వేశాను.

అప్పుడేం అనుకున్నాను? నాలుగు రోజులు గైరుహాజరు పడితే మేస్త్రీ పని తప్పిపోతుంది, అంతే చాలు అనుకున్నాను. నిజంగా అంతేనా, లేక ఇప్పుడు నా తప్పును నేనే తేలిక చేసుకుంటున్నానా? బిళ్ళ రోజూ నా కళ్లెదుటే ఉంది. ఐదో రోజు మార్చవచ్చు. తొమ్మిదో రోజు కూడా మార్చవచ్చు. మారుద్దామనే అనుకున్నాను. ఆ రోజే బాపు వచ్చాడు. కొమురయ్యకు జ్వరమని విని, నా గడప కూడా తొక్కకుండా నేరుగా అటే పోయాడు. నేను బిళ్ళ ముట్టుకోలేదు.

పేరు కొట్టేశారు. ఇంకా సరిగ్గా నిలబడలేని ఒంటితో కొమురయ్య కిటికీ దగ్గరికొచ్చాడు. పక్కన పోచవ్వ.

"అన్నా, చీటి నీకే ఇచ్చిన అంటుంది."

"రాలే తమ్మీ. వస్తే నీ బిళ్ళ నేను నల్ల మేకుకు ఏస్తనా?"

వాడు వెంటనే నమ్మాడు. "గదే నేనూ అన్న. నువ్వెట్ల చేస్తవు? ఇదే యాడనో పారేసింది."

పోచవ్వ నా వైపు చూసింది. ఆమె మాట ఎవరు నమ్ముతారు? రోజంతా చీటీలు రాసిన డాక్టరుకు ఎవరి ముఖమూ గుర్తు లేదు. చీటి లేనివాడికి ఉత్తరువు వర్తించదని బాయి మేనేజరు దొర చెప్పేశాడు. క్వార్టరు ఖాళీ చేసి, ఖానాపూర్ వైపు కూలికి పోయారు.

మొన్న మా బాపు పోయాడు. కబురందగానే కొమురయ్య వచ్చాడు. పాడె మోశాడు. నాకంటే ఎక్కువ ఏడ్చాడు. మీకు చెప్పడానికి సిగ్గుగా ఉంది, అక్కడా నాకు అసూయే కలిగింది. దినాల నాడు పందిట్లో ఎవరో పాత సంగతులు ఎత్తారు. ఈమె చీటి పారేయకపోతే నేనివాళ మేస్త్రీనని కొమురయ్య అన్నాడు. కోపంగా కాదు, నవ్వుతూ. పదేళ్లుగా అలవాటైన మాటలా ఉంది. బంతిలో అందరూ నవ్వారు. పోచవ్వ అప్పుడు నా విస్తట్లో అన్నం వడ్డిస్తోంది. చేయి ఆగలేదు. ఇంకొంచెం వేయనా బావా అని అడిగింది. చాలన్నాను. పందిట్లో అంతమంది ఉన్నారు. అక్కడే చెప్పొచ్చు. తలవంచుకుని తిన్నాను.

రేపు చెబుతానని మీకు మాట ఇవ్వలేను. నా సంగతి నాకు తెలుసు. ఇక్కడైనా ఒక్కసారి నా చేత్తో రాయనివ్వండి. పోచవ్వ చీటి పారేయలేదు. తెచ్చి నా చేతికే ఇచ్చింది.