వాచ్‌మన్ చెప్పిన గోవింద నామం

ఈ మధ్యాహ్నం తిరువళ్ళూరు ఆసుపత్రిలో మా పెదనాన్న పోయారు. పోయేవాళ్ళ చెవిలో గోవింద నామం చెప్పడం మా ఇంటి ఆచారం. ఆ సమయానికి నేను రోడ్డు మీద టీ తాగుతున్నాను.

తిరిగొచ్చేసరికి మంచం పక్కన, నుదుట నామంతో, ఆసుపత్రి వాచ్‌మన్ నిలబడి ఉన్నాడు. పక్క మంచంలోని భర్తను చూసుకుంటున్న తిరుత్తణి ముస్లిం ఆవిడకు మా ఆచారం గురించి పొద్దునే చెప్పి ఉన్నాను. ఆమె మెల్లగా అంది:

“ఊపిరి తగ్గతా ఉండింది అన్నా, మీరు కనపడలేదు. అల్లా ఒక్కడే దేవుడని కలిమా చదివే నోరు నాది, నేను ఇంకో పేరు చెప్తే అది అబద్ధమవుతుంది. దానికే కిందికి పరిగెత్తి ఈయన్ని పిలుచుకొచ్చి చెప్పించినాను.”

కొండ మీద గొంతు చించుకుని గోవిందా అని అరిచినవాణ్ణి నేను.

మీ ఇంట్లో ఆ చివరి మాట ఏది? చెప్పాల్సిన మనిషి టీకి పోతే ఎవరు చెబుతారు?