అందిన నాటి నుండి

దుమ్ముగూడెం రోడ్డు మీద ముప్పై ఏళ్లు జీపు నడిపాను. ఒక్క కోడిపిల్లకు కూడా నా చక్రం తగల్లేదు. అనుమానముంటే ఆ దారిన ఉన్న కోళ్లనే అడగండి.

ముప్పై కాదు, ఇరవై రెండు. రాసిన వెంటనే ఒప్పుకుంటే పాపం సగమవుతుందని నా నమ్మకం. కోళ్లు కూడా రెండో మూడో పోయాయి. కానీ మనిషిని మాత్రం ఎన్నడూ గుద్దలేదు. అంటే, ఒక్కసారి.

అడవి అంచున ఉన్న మా చర్చి దవాఖానాకు నేను డ్రైవరును. లోపలి గూడేల నుంచి కాన్పు నొప్పులు పడే ఆడవాళ్లను, పాము కరిచిన వాళ్లను తెచ్చేది ఆ ఒక్క జీపే. ఆ ఏడు ఈస్టరు ముందు వారం, ఎదురుగా ఒకాయన సైకిలు మీద వెదురు బొంగులు అడ్డంగా కట్టుకొని వచ్చాడు. నా వాదన మొదటి నుంచీ ఒకటే: నేను వెదురును గుద్దలేదు, వెదురే నన్ను గుద్దింది. వెనక సీట్లో ఉన్న కాంపౌండరుకు ఏదో కథ చెబుతూ నేను వెనక్కి తిరిగి ఉన్న మాట నిజమే. అయినా కథ మంచి పట్టులో ఉంది.

ఆయన చెయ్యి విరిగింది. అదే జీపులో మా దవాఖానాకే తీసుకొచ్చి కట్టు కట్టించాను. ఆయనకు నా మీద కోపం లేదు. కోపం సర్కారుకు వచ్చింది. ఎస్సై నా లైసెన్సు తీసుకొని, ఇంగ్లీషులో ఒక చీటీ రాసి నా చేతిలో పెట్టి, ఏదో చెప్పాడు. ఉడికిపోతున్నవాడికి చెవులు పనిచెయ్యవు. చీటీ మడిచి ఖాకీ చొక్కా జేబులో కుక్కుకొని వచ్చేశాను.

మూడు నెలలు సస్పెండు చేస్తారని కాంపౌండరు చెప్పాడు. సరే, తప్పు చేశాను, అనుభవిస్తాను. డాక్టరమ్మ కూడా మంచి మాటే అంది. "వానలు ముదిరేదాకా నీ సీటు నీకే ఉంచుతాను. ఆ తర్వాత పక్కా డ్రైవరు లేకపోతే దవాఖానా నడవదు నాయనా." కల్లూరు నుంచి ఒకాయనను తాత్కాలికంగా పిలిపించారు. నేను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఈస్టరు నుంచి మూడు నెలలంటే తొలకరికి నా సీట్లో నేనుంటాను.

ఎంత నిష్ఠగా కూర్చున్నానో చెబితే నమ్మరు. జీపు కడిగాను, చక్రాలకు గాలి చూశాను, హారను కూడా తుడిచాను కానీ మోగించలేదు. స్టీరింగు మీద ఈగ వాలితే అసూయ పడ్డాను. మూడు నెలలు గడిచాయి. నాలుగూ గడిచాయి. అప్పుడు ఖమ్మంలో లైసెన్సులిచ్చే రవాణా ఆఫీసు నుంచి, వచ్చి సంజాయిషీ చెప్పుకోమని కాగితం వచ్చింది.

తల్లాడ మీదుగా బస్సులో పోయాను. ఆఫీసరు ముందు నిలబడి, "అయ్యా, ఆకలిగొన్న పులి ఎదురొచ్చినా బ్రేకు వేసి దారి ఇచ్చే మనిషిని నేను!" అని గర్జించాను. గది గదంతా నిశ్శబ్దమైపోయింది. నిజానికి గది ముందు నుంచీ నిశ్శబ్దంగానే ఉంది. ఆయన "నువ్వేనా?" అన్నాడు. నేను "అవ్ సార్" అన్నాను. "తప్పు ఒప్పుకుంటవా?" అన్నాడు. మళ్లీ "అవ్ సార్" అన్నాను. పులి సంగతి తిరుగు బస్సులో తోచింది.

సాయంత్రానికి గుమస్తా ఉత్తర్వు చేతిలో పెట్టి చదివి వినిపించాడు. ఈ ఉత్తర్వు అందిన నాటి నుండి మూడు నెలలు.

"అందిన నాటి నుండా? మరి కూసున్న నాలుగు నెలలు?"

"అవి లెక్కలకు రావు పెద్దాయనా."

"ఎందుకు రావు? లైసెన్సు మీకాడనే ఉండె గద!"

"లైసెన్సు మాకాడుంటే? ఆ నాలుగు నెలలు బండి నడపొద్దని నీకెవరు చెప్పిన్రు?"

చూశారా పొగరు! లైసెన్సు గుంజుకొని, నడపొద్దని ఎవరన్నారని అడుగుతాడు! అన్నం కంచం లాక్కొని, తినొద్దని ఎవరన్నారు అన్నట్టు. ఇంకొక్క మాట వినకుండా బయటికొచ్చేశాను. మా వాడకట్టులో మేకను ఎత్తుకుపోయినవాడికి ఆరు నెలలు శిక్ష పడితే, అంతకు ముందే జైల్లో ఉన్న రెండు నెలలు అందులోంచి తీసేశారు. మేకల దొంగకున్న లెక్క డ్రైవరుకు లేదా? శిక్ష వెయ్యండి, వద్దనను. ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగుస్తుందో మొదటి రోజే చెప్పండి. మీ ఫైలు బల్ల మీద నిద్రపోయిన రోజులకు కూలి నేను కట్టాలా?

నేను ఇల్లు చేరేసరికి గోదావరి ఎర్రగా పొంగుతోంది. డాక్టరమ్మ ఉత్తర్వు రెండుసార్లు చదివి నా చేతికిచ్చింది. ఇంకో మూడు నెలలు ఆగడం ఆమె చేతిలో లేదు. ఆ వారమే కల్లూరాయన పక్కా అయ్యాడు. నాకు గేటు దగ్గర స్టూలు వేశారు. ఇరవై రెండేళ్లు నేను తోలిన జీపుకు, లేచి నిలబడి గేటు తీసే ఉద్యోగం. ఆయన పోతూ పోతూ ప్రతిసారీ మర్యాదగా హారను కొట్టేవాడు. దానికి నాకు ఇంకా మండేది.

ఇదంతా రాసి, దవాఖానాలో ఆయాగా చేసి రిటైరైన నా భార్యకు చదివి వినిపించాను. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చివరిదాకా విన్నది.

"అంత బాగనే రాసినవ్. మరి చీటీ?"

"ఏ చీటీ?"

"ఎస్సై ఇచ్చిన చీటీ. చొక్కా ఉతకబోతే జేబుల దొరికింది. ఏందయ్యా ఇది అంటే, కేసు కాయితం, ముట్టుకోకు అన్నవ్."

"అది ఇంగ్లీషుల ఉండె."

"ఉంటది. ఇంగ్లీషు రాదని ఒకరికి చెప్పుకుంటే నీ మీసం రాలిపోతదా? నీకు స్టూలు ఏసిన రోజు నేనే తీస్కపోయి డాక్టరమ్మకు సూపెట్టిన. సదివి నెత్తి కొట్టుకున్నది. లైసెన్సు మల్ల ఇచ్చేదాక ఈ చీటీ మీద బండి నడుపుకోవచ్చని రాసుందట అండ్ల. అందుకే ఆ నాలుగు నెలలు లెక్కలకు రాలే. నిన్ను మూడు నెలలు కూసోబెట్టింది సర్కారు. నాలుగు నెలలు నువ్వే కూసున్నవ్."