గుల్షన్ పట్టుకున్న చేతులు

ఏలూరులో మా వీధి చివర ఉండే గుల్షన్‌కు అక్షరమ్ముక్క రాదు. అయినా 1957లో యూనివర్సిటీవాళ్ళు కొల్లేటి ఆడవాళ్ళ పనిపాటల మీద చేసిన పరిశోధన ఆమె లేకపోతే ఒక్క అడుగు ముందుకు పడేది కాదని నేను ఎవరితోనైనా పోట్లాడతాను.

భర్త పోయాక గుల్షన్ గాజుల మలారం భుజాన వేసుకుని కొల్లేటి లంకలన్నీ తిరిగి బతికింది. ఎంత మొరటు చెయ్యి అయినా సరే, నూనె రాసి, పిడికిలి మెల్లగా నొక్కి, కబుర్లలో పెట్టి గాజు ఎక్కించేసేది. చెయ్యి పట్టుకుంటే చాలు, ఆ మనిషి రోజంతా ఏం చేస్తుందో ఆమెకు తెలిసిపోయేది.

ఆ ఏడు సర్కారువాళ్ళు ఒక లంకలో చేపలవాళ్ళ సొసైటీ పెడతామన్నారు. పని చేసేవాళ్ళుగా ఎవరి పేరు రాస్తే వాళ్ళకే సభ్యత్వం, చేపలు ఎండబెట్టుకునే దిబ్బలో వాటా. ఆడవాళ్ళ సంగతి తేల్చడానికి సత్యవతి అనే యూనివర్సిటీ అమ్మాయి ఫారాల కట్టతో వచ్చింది. లంకలో అందరూ తెలిసినవాళ్ళే కాబట్టి గుల్షన్ తోడు వెళ్ళింది.

అరుగుల మీద కూర్చుని మగవాళ్ళే జవాబులు చెప్పారు. "మా ఆడాళ్ళకి పనేంటండి? ఇంటిపట్టునే ఉంటారండి" అన్నాడు కులపెద్ద నిత్యానందం. ఆయన భార్య అచ్చమ్మ తలుపు వెనకనుంచి "అవునండి" అంది. ముప్పై ఇళ్ళలోనూ అదే పాట.

గుల్షన్‌కు ఒళ్ళు మండింది. మళ్ళీ నిత్యానందం ఇంటికే వెనక్కి వచ్చి, అచ్చమ్మ చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

"చూడండమ్మగారూ! వేళ్ళనిండా చేపముళ్ళ గాట్లు. ఈ కాయ వల అల్లితే కాసిందండి. చేపలు ఎండేసేదీ, తట్ట నెత్తిన పెట్టుకుని సంతకెళ్ళేదీ ఈవిడేనండి. ఇంటిపట్టున ఉండే చెయ్యి ఇలా ఉంటుందాండి?"

నిత్యానందానికి తల కొట్టేసినట్టయింది. "పెళ్ళాల కష్టం తిని బతుకుతున్నామని పుస్తకాల్లో రాయిస్తావా? ఇంక మా లంకలో అడుగు పెట్టకు" అని అరిచాడు. మగవాళ్ళ మాట కాదని తన ఇష్టానికి రాసే వీల్లేక సత్యవతి ఏలూరు తిరిగొచ్చేసింది. ఆ ఫారాలు పైకి పంపడానికి ఇంకా రెండు నెలల గడువుంది. "నా నోరే వాళ్ళ కొంప ముంచింది" అని గుల్షన్ మా ఇంట్లో కూర్చుని ఏడ్చేది. నాకైతే ఆ పెద్దమనిషి మీద పళ్ళు నూరుకోవడమే సరిపోయింది.

ఇక్కడ మేం ఏడుస్తుంటే అక్కడ వేరే కథ నడుస్తోంది. చేపల పనిలో మట్టిగాజులు ఎన్నాళ్ళో నిలవవు. ఒక్కొక్కటే చిట్లిపోతున్నా ఆడవాళ్ళెవరూ కొత్తవి వేసుకోలేదు. నిత్యానందం ఏలూరు బజారులో రెండు డజన్లు కొనుక్కెళ్ళాడు. ఎక్కించబోతే వేళ్ళ కణుపుల దగ్గరే చిట్లాయి. "గుల్షనక్క రానిదే నా చేతికి గాజెక్కదండి" అని అచ్చమ్మ తేల్చి చెప్పేసింది. మెడలో పుస్తెలు, చేతులు చూస్తే బోడి. అలా ముప్పైమంది ఎదురొస్తుంటే పడవెక్కే మగవాళ్ళకు గుండె జారిపోయేది.

ఒక మధ్యాహ్నం నిత్యానందం గుల్షన్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"రామ్మా. నాకు భయంగా ఉంది" అన్నాడు.

నేనైతే కాళ్ళు పట్టించుకునేదాన్ని. గుల్షన్ అలాంటిది కాదు. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషికి ఆ భయం ఎలాంటిదో తెలుసు. మలారం భుజాన వేసుకుని బయల్దేరింది. తీరా వెళ్తే ఆడవాళ్ళంతా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారట.

"ముందు ఈయన్ని మా పని రాయించనీ అక్కా. తర్వాత తొడుగుదువుగాని" అంది అచ్చమ్మ.

నిత్యానందం చేసేది లేక సత్యవతికి కబురు పెట్టాడు. మర్నాడు ఆమెతో పాటు నేనూ పడవెక్కాను. ఇంత దూరం వచ్చాక చూడకుండా ఎలా ఉంటాను? ఆయనే చాప మీద కూర్చుని భార్య పనులు చెప్పడం మొదలుపెట్టాడు. వల అల్లుతుందండి. చేపలు కోసి ఎండేస్తుందండి. వానొస్తే పరిగెత్తి తీస్తుందండి. నేను జ్వరంతో పడుకుంటే పడవ కూడా తనే తోస్తుందండి. మొదట గబగబా సాగిన మాట పోనుపోను నెమ్మదించింది. ఆ ముసలాయన మీద నాకున్న కోపం అక్కడే సగం దిగిపోయింది.

"ఎన్నాళ్ళనుంచి చేస్తున్నారండి ఇవన్నీ?" అడిగింది సత్యవతి కలం ఎత్తకుండానే.

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె ఇంకా చేతులు వెనకే పెట్టుకుని ఉంది.

"పెళ్ళయిన మర్నాటినుంచండి" అన్నాడు.